ఏడో గది జవాబు

ముతారే,
ఆదివారం

చెల్లెలు నెత్సాయికి,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. నువ్వూ పిల్లలూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. అత్తయ్యకు దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు.

మీ హరారే ఆసుపత్రిలో నర్సు పని ఖాళీగా ఉంది రమ్మన్నావు. ఈ వృద్ధుల ఆశ్రమంలో ఏం బావుకుంటున్నావని అడిగావు. ఒక ఉదయం సంగతి చెబుతాను.

ఆరింటికి జావ దించి, వేడినీళ్ళు తోడుకుని గదులకు బయలుదేరాను. ఎవరింటికైనా వెళ్ళినప్పటిలాగే, ప్రతి గుమ్మం ముందూ మోకాళ్ళు వంచి మెల్లగా చప్పట్లు కొడతాను. లోపలివాళ్ళు తిరిగి కొట్టాకే అడుగుపెడతాను. మంచాన పడ్డా ఇల్లు వాళ్ళదే కదా. ఏడో గదిలో లైసన్ తాత. పడుచు వయసులో మలావి నుంచి గనుల్లో పనికి వచ్చి, నా అన్నవాళ్ళు లేక మా దగ్గర మిగిలాడు. చూపు లేదు. నా చప్పట్లు విని, "వచ్చిందయ్యా మా ఆవిడ! ఇవాళైనా జావలో చక్కెర వేశావా, పిసినారీ?" అని తాత వరసలో ఆటపట్టించేవాడు. ఆ పలకరింపు కోసమే ఈ ఉద్యోగంలో ఉన్నాను.

ఆ రోజు నా చప్పట్లకు లోపలినుంచి జవాబు వచ్చింది. మగవాళ్ళు అరచేతులు సమంగా ఆనించి కొట్టే చప్పుడు, రెండుసార్లు. మాట మాత్రం రాలేదు. వెళ్ళి చేయి పట్టుకున్నాను. చల్లగా, కట్టెలా బిగిసి ఉంది. పోయి చాలాసేపయింది.

ఇప్పుడా మంచం ఖాళీ. నేను గుమ్మం ముందు ఆగితే జవాబు వస్తూనే ఉంది.

నీకు చెప్పనిది ఒకటుంది. తాత పోయిన ఆ ఉదయానికి ముందురోజు సాయంత్రం నలభై మందికి నేనొక్కదాన్నే. తాత చప్పట్లు కొట్టి పిలిచాడు. "ఉండు తాతా" అంటూ గుమ్మం దాటిపోయాను. మళ్ళీ వెళ్ళలేదు. ప్రార్థనకు కూర్చుంటే ఆ మాటే అడ్డం వస్తోంది.

నిన్న సాయంత్రం ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. తమ్ముడు ఫరాయి, "హరారే వెళ్ళిపో అక్కా. ఆ గది నీ వెంట రాదుగా" అన్నాడు.

"రానని నీతో చెప్పిందేంట్రా?" అని అత్తయ్య కసిరింది.

అప్పుడే మన గుమ్మం బయట చప్పట్లు. అరచేతులు సమంగా, రెండుసార్లు. ఫరాయి తలుపు తీశాడు. వాకిట్లో ఎవరూ లేరు.

అత్తయ్య కూర్చున్నచోటే చేతులు కలిపి జవాబు కొట్టింది. "లోపలికి రా, నాయనా."

నేను హరారే రావడం లేదని తేల్చుకున్నాం. రేపు ఫరాయిని వెంటబెట్టుకుని మేట్రన్ దగ్గరికి వెళతాను, సాయంత్రాలకు ఇంకో నర్సును వేయమని అడుగుతాను. గుమ్మం ముందు ఆగే తీరిక ఉంటేనే అది మంచి ఉద్యోగం. లైసన్ తాత ఇకనుంచి మన ఇంటివాడని అత్తయ్య చెప్పింది. ఒక పళ్ళెం ఎక్కువ పెట్టాం. అందరి భోజనాలూ అయ్యేదాకా తలుపు మూయలేదు.

ఇట్లు,
నీ పెద్దక్క
ఫుంగిసాయి