నది రాజ్యం లొంగుబాటు షరతు

చిరంజీవి గడుగ్గాయికి నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా కడుపులో కాస్త మంటగా ఉంది గానీ, అది మందుల షాపులో తగ్గే రకం కాదు. దాని దగ్గరికి తరవాత వస్తాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు అలుగుతుంది, ఎక్కేటప్పుడు తిడుతుంది. మీ నాన్న వంటగది కుళాయి తానే బాగుచేస్తానని పంతం పట్టి, స్నానాల గదిలో కూడా నీళ్లు రాకుండా చేశాడు. మీ అమ్మ క్షేమం. నువ్వు మీ అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటున్నావని నిశ్చింతగా ఉంది. నాకే అంత నిశ్చింత లేదు.

నీ స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని దొంగలుగా, మాంత్రికులుగా మారిపోయే నీ పాచికల ఆటకి ఇన్నాళ్లూ రాజ్యాంగాలు రాసిపెట్టింది ఎవరు? బడిలో పౌరశాస్త్రం చెప్పి చెప్పి గొంతు అరిగిన ఈ ముసలిది. పసిబిడ్డకి పది ఓట్లిచ్చి, వయసు పెరిగేకొద్దీ ఒక్కొక్కటే లాక్కునే పట్నం నాది. వరద కోట మెట్టు తాకితే ఆ పూటే మంత్రివర్గం రద్దయ్యే నది రాజ్యం నాది. మంత్రులు చాటుమాటుగా కాలవలు తవ్వుకుంటుంటే మీవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారని నువ్వే రాశావు.

ఈసారి ఉత్తరంలో మొదటి పేజీ తప్ప మిగిలినదంతా మీ అమ్మమ్మ కనిపెట్టిన రాజ్యమే. సింహాసనం పక్కన ఇంకో కుర్చీ ఉంటుందట. రాజును చూసి అందరికన్నా ఎక్కువ కుళ్లుకునేవాళ్లను వెతికి అందులో కూర్చోబెడతారట. వాళ్లు సరేననందే ఏ ఆజ్ఞా చెల్లదు. కాదంటే మాత్రం, మరేం చేయాలో చెప్పి, చేసి చూపించాలి. చేతకాకపోతే కుర్చీ ఊడుతుంది. ‘అద్భుతం’ అని మూడుసార్లు రాశావు. నా నది రాజ్యానికి ‘బాగుంది’ ఒక్కసారే. నేను లెక్కపెట్టలేదు, కంటపడింది.

పైగా ఒక ప్రశ్న: వచ్చే ఆటలో అమ్మమ్మ రాజ్యం నీ నది రాజ్యాన్ని జయించి కలుపుకున్నట్టు నడపనా, నీకేం అభ్యంతరం లేదు కదా, అని!

ఇక దాచిన సంగతి చెబుతాను. నీ ఉత్తరాలు అందరికీ చదివి వినిపించేది నేనే కదా. ఈసారి మొదటి పేజీ చదివి మడిచేశాను.

“ఇంత లావు కవరులో ఇంతేనా అత్తయ్యా?” అంది మీ అమ్మ.

“కాయితం మందం.”

కాయితాల కోసం చేయి చాపింది. ఇచ్చాను. చదువుతూ మురిసిపోతుంటే ఉండబట్టలేకపోయాను. “ఆ రాజ్యం వారం నిలవదు. కుళ్లుబోతు అన్నిటికీ కాదంటాడు, అంతా మూలపడుతుంది. కావాలంటే ఆడి చూద్దాం.”

మీ నాన్న రాజు. చెడగొట్టడానికి నేను కుర్చీలో.

“కుళాయి నేనే బాగుచేస్తాను. ఇది రాజాజ్ఞ!” అన్నాడు రాజు, స్పానరు ఎత్తి.

“కాదు,” అన్నాను.

“అయితే మీరేం చేస్తారో చేసి చూపించండి. రూలు అదే కదా!” అంది మీ అమ్మ.

ప్లంబరును పిలిచాను. సాయంత్రానికి ఇంట్లో అన్ని కుళాయిల్లోనూ నీళ్లొచ్చాయి. ఓడించడానికి కూర్చున్నదాన్ని, గెలిపించి లేచాను.

“మా అమ్మ ఆ కుర్చీకి మీ కొలతలే తీసుకున్నట్టుంది అత్తయ్యా,” అంది మీ అమ్మ. అక్కడ నాకు నవ్వు రాలేదు. వంటగదిలోకి వెళ్లాక వచ్చింది.

నిజానికి నా మంట ఆ రాజ్యం మీద కాదే. నువ్వు పటాలు గీస్తుంటే పక్కన కూర్చుని రంగు పెన్సిళ్లు చెక్కి ఇచ్చే చోటు నాది. ఇప్పుడక్కడ ఆవిడ కూర్చుంటోంది. ఆవిడ చెక్కితే ములుకులు విరుగుతాయేమోనని రోజూ ఆశపడుతున్నాను.

నీ ప్రశ్నకి జవాబు: కలుపుకోండి. నది రాజ్యం కత్తి దూయకుండా లొంగిపోతుంది. షరతు ఒక్కటే, ఆ కుర్చీలో మా రాణి కూర్చుంటుంది. అంతకన్నా అర్హురాలు మీకు దొరకదు.

ఇంకో మాట. రాజ్యం కలిస్తే నదీ కలుస్తుంది, నది చట్టమూ కలుస్తుంది. పటంలో రాజధానిని కాస్త నది ఒడ్డుకు జరుపు. ఎందుకని మీ అమ్మమ్మ అడిగితే, గాలి బాగుంటుందని చెప్పు. ఎగువన మబ్బు పట్టిందని మాత్రం చెప్పకు.

ఇట్లు,
కుర్చీ ఖాళీ చేసే ఉద్దేశం లేని
నీ నాయనమ్మ