అత్తయ్య ముట్టని పిండి

యోంగ్‌వల్, దక్షిణ కొరియా, మార్చి 1954

ప్రియమైన మ్యోంగి అమ్మకు,

మన కొండలో టంగ్‌స్టన్ పడింది! గనికి యంత్రాలూ, ఏటి మీద వంతెనా విదేశీ సాయంగా ఇస్తారట. అమెరికా దొరలకు దుబాసీని నేనే కాబట్టి ముందుగా తెలిసింది. యుద్ధంలో పాత వంతెన కూలకపోతే మంత్రసాని వేళకు వచ్చేది, మన చంటివాడు దక్కేవాడు. ఆ దుఃఖం ఇంకో ఇంటికి రాకూడదు.

కొండమీది నాన్న సమాధి ఒక్కటీ జరపాలి. సమాధులు కదిలించడానికి హాన్షిక్ పండుగ మంచిదంటారుగా. అమ్మను ఒప్పించు. గోధుమపిండి పంపుతున్నాను.

నీ ఇన్‌సోప్

*

మ్యోంగి నాన్నగారికి ప్రేమతో,

పిండి అందింది. ఖాళీ సంచితో మ్యోంగికి లాగు కుడితే, సంచిమీది అమెరికా సాయం ముద్ర, ఆ కరచాలనం బొమ్మ, సరిగ్గా వెనకవైపు పడింది. ఊరంతా ఒకటే నవ్వు. అత్తయ్య మాత్రం ఎప్పటిలాగే పిండి ముట్టలేదు. "నాకు పడదే" అని బంగాళాదుంపలతోనే సరిపెట్టుకున్నారు.

కొండ మాటెత్తితే, "నన్ను పాతిపెట్టి తవ్వుకోండి!" అన్నారు. సైన్యం పట్టుకుపోయిన మరిది తిరిగొస్తే కొండ గుర్తుపట్టలేడని బెంగ కాబోలు.

మీ ఓక్‌బున్

*

మ్యోంగి అమ్మా,

అమ్మకు పోయినవాళ్ళ మీదున్న ప్రేమ ఉన్నవాళ్ళ మీద లేదా? తమ్ముడు వచ్చేసరికి వాడికి గనిలో పని సిద్ధంగా ఉండాలి. కొండ ఇస్తూ పెద్దకొడుకుగా సంతకం పెట్టేశాను. నాకు సెలవు దొరకలేదు. పెదనాన్న చేత సమాధి తీయించు. అమ్మ తిడితే నన్ను తిట్టమను.

ఇన్‌సోప్

*

మ్యోంగి నాన్నగారికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. గుండె దిటవు చేసుకోండి.

సమాధి తవ్వితే మామయ్య పక్కన ఇంకొకరి ఎముకలు కనిపించాయి. నడుము దగ్గర మీ బడి బెల్టు, మీరు తమ్ముడికిచ్చినదే.

అత్తయ్య ఏడవలేదు. "యుద్ధంలో మీరు తేగు పారిపోయాక ఓ రోజు వాడు దుంపలు తవ్వుతున్నాడే. విమానమొచ్చింది. సిపాయనుకున్నారేమో. ఒక్కదాన్నే మోసుకెళ్ళి మీ మామ పక్కన పెట్టా," అన్నారు.

"మాకు నిజం చెప్పకుండా సైన్యం పట్టుకుపోయిందని ఎందుకన్నారు అత్తయ్యా?"

"పిండి పంపే దొరల విమానమే అది. చెబితే పెద్దోడు ఆ నౌకరీ చేస్తాడా? మీరేం తింటారు? అందుకే మిమ్మల్ని తిననిచ్చా. వాడి కోసం ఒక్కరన్నా ముట్టకుండా ఉండాలి కదమ్మా."

ఎముకలన్నీ ఆవిడే కొత్త నారబట్టలో చుట్టారు. తండ్రీకొడుకులను ఏటి అవతలి గట్టున పక్కపక్కనే పెట్టాం. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

మీకు ఇలా రాయమన్నారు: "కొండ దొరలను తీసుకోమను. పెద్దోడు నౌకరీ మానొద్దు. వంతెన కట్టించమను. ఆ దొరల మాట వాడికి వచ్చు కదా, ఒక్కసారి వాళ్ళ ఎదురుగా నిలబడి చెప్పమను, ఇక్కడ నాకింకో కొడుకు ఉండేవాడని."

చెప్పాక, వాళ్ళేమన్నారో రాయండి. అత్తయ్య రోజూ అడుగుతున్నారు.

మీ ఓక్‌బున్