బావ క్యాసెట్ గురించి

చెల్లాయికి, అన్నయ్య దీవెనలు. నేను కులాసా, మా నాటకం వీడియోయే కులాసాగా లేదు.

నాటకానికి మీరొచ్చిన రోజు నేను తీసిన వీడియోలో బొమ్మ అద్దంలా వచ్చింది. మైకు మాత్రం తెర వెనక, మాటలందించే మాస్టారి కాళ్ళ దగ్గర పెట్టాను. హీరోయిన్ కన్నా ముందే ఆయన ఏడుస్తున్నాడు. పాపం, బాగానే ఏడుస్తాడు. ఆవిడ చూసి, "అన్నయ్యగారూ, ఇందులో నా గొంతేదండీ?" అంది. వచ్చేవారం ఆవిడకి గొంతు ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు.

ఆ రోజు బావ ముందువరసలో కూర్చుని నాటకమంతా టేపు చేశాడుగా. ఆ క్యాసెట్ మీద పాటలెక్కించనివ్వకు. ముందు దాచెయ్, తర్వాత బావకి చెప్పు. ఇటొచ్చేవాళ్ళతో వెంటనే పంపు.

నీ నడుంనొప్పి తగ్గిందా? పిల్లలకు ఆశీస్సులు. బావ ఇప్పటికే పాటలెక్కించేసి ఉంటే మాత్రం, ఆపరేషనయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు.