కుడివైపు తెరిచే పుస్తకం

బెళ్ళందూరు,
జూన్ 6.

అమ్మకు నీ జరీనా సలాములు.

ఈ మాట ఫోనులో చెప్పలేను. నువ్వు స్పీకరు పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు, నేను సగంలోనే మాట మార్చేస్తాను. పద్దెనిమిదో తారీకు లోపల నీ జవాబు కావాలి గనక ఇవాళే రాస్తున్నాను. చెల్లి ఫర్హానా దీన్ని నీకొక్కదానికే చదివి వినిపించాలి. ఇక్కడ నాకు కులాసా. హాస్టల్లో అన్నం పరవాలేదు, దగ్గు తగ్గింది. నీ మోకాలితో సహా అక్కడ అందరూ బాగున్నారనుకుంటాను.

"బొమ్మల పుస్తకాలకు ఆఫీసేంది? అమెరికాలో పెద్దోళ్ళు గూడా బొమ్మలు చూస్తారా?" అని నాన్న అడిగాడని పోయిన ఉత్తరంలో రాయించావు. చూస్తారమ్మా. ఇవి జపానువాళ్ళ కథలు, మాంగా అంటారు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర తెల్లటి బుడగలుంటాయి. వాటిలో జపాను అక్షరాలు తీసేసి ఇంగ్లీషు మాటలు అమర్చడం నా పని. అమెరికాలో పుస్తకాల షాపు ఫొటో ఒకటి మా టీం లీడరు గీతాంజలి చూపించింది. నేల నుంచి కప్పు దాకా ఇవే. పిల్లలు దారిలోనే చతికిలబడి చదువుతున్నారు. నాన్న వయసున్న ఒకాయన వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ పోతున్నాడు, ఆయన చేతిలోనూ ఒకటి.

ఈ పుస్తకాలు కుడివైపు నుంచి తెరుచుకుంటాయి. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఒకప్పుడు అమెరికావాళ్ళకు కష్టమని బొమ్మల్ని అద్దంలోలా తిప్పి అచ్చేసేవాళ్ళట. వీరులంతా ఎడమచేత్తో కత్తి పట్టేవాళ్ళు. తర్వాత ఆ తిప్పడం మానేశారు. పుస్తకం తిరగలేదు, చదివేవాళ్ళే తిరిగారు. అంత పెద్ద దేశంలో లక్షలమంది పిల్లలు ఇంగ్లీషు పుస్తకాన్ని వెనక నుంచి తెరుస్తున్నారు. ఆ ఫొటోలో ఒక పిల్ల వేలు పేజీ కుడి అంచున ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మన వరండాలో చాప మీద, నీ ముందు కూర్చున్న పిల్లల వేలు అది.

మొదటిరోజు నేనూ తప్పు చేశాను. బుడగల్ని ఎడమ నుంచి నింపాను. ప్రశ్న కంటే ముందే జవాబు వచ్చేసింది. పక్క సీటు దర్శన్ "పదారేళ్ళ చదువు ఈడ మర్చిపోవాలప్పా" అని నవ్వాడు. తక్కినవాళ్ళకు వారాలు పట్టిందట. నాకు మధ్యాహ్నానికల్లా చూపు కుదురుకుంది. ఎక్కడ నేర్చుకున్నావని గీతాంజలి అడిగితే, ఎక్కడా లేదు, ఊరికే వచ్చిందన్నాను.

అమ్మా, అది అబద్ధం. దానికి ముందు ఇంకో అబద్ధముంది. మనింట్లో మొదట బడికి పోయింది నేనే గదా. ఒకటో తరగతిలో కొత్త నోటుబుక్కును నువ్వు నేర్పినట్టే కుడివైపు నుంచి తెరిచి, ఆఖరి పేజీలో అ ఆలు రాశాను. సారు దాన్ని ఎత్తి చూపించాడు. క్లాసంతా నవ్వింది. "మీ అమ్మకు చదువు రాదా?" అన్నాడు. రాదన్నాను. ఆ సాయంత్రం నుంచే తలనొప్పని చెప్పి నీ చాప మీదికి రావడం మానేశాను. ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ, తల్లి చదువు అన్నచోట, 'లేదు' అని నా చేత్తోనే రాస్తూ వచ్చాను. వీధిలో పిల్లలందరికీ అరబీలో ఖురాను చదవడం నేర్పిన నీకు. "కుడిపక్క నుంచి రా మే, అక్షరం ఆడ నీ కోసం కాచుకోనుండాది" అనేదానివి. పద్దెనిమిదేళ్ళు కాచుకుంది.

నేను పూర్తిగా అమర్చిన మొదటి పుస్తకం ఈ నెలలో అచ్చుకు పోతోంది. చివర మా పేర్లు వేస్తారు, పక్కన నేర్పినవాళ్ళ పేరు ఒకటి వేసుకోవచ్చు. నిన్న గీతాంజలికి నిజం చెప్పాను. "ఆమెనే రాయమను, ఆ చేతిరాతే వేద్దాం" అంది.

నీకు మనసొప్పకపోతే ఆ చోటు ఖాళీగానే వదిలేస్తాను, ఇంకొకరి పేరు పెట్టను. ఒప్పితే, పిల్లలకు దిద్దబెట్టే పలక మీద హుసేనమ్మ అని నీ పేరు నీ అక్షరాల్లో, కుడివైపు నుంచి రాయి. ఫర్హానాను ఫొటో తీసి పద్దెనిమిదో తారీకు సాయంత్రం లోపల పంపమను.

ఇట్లు,
మొదట నీ చాప మీదే చదువుకున్న
నీ పెద్దకూతురు
జరీనా