రాగుల మూట మీద తుపాకీ

మామా,

చంద్రగిరికి అమ్మ దగ్గరికి పోతా ఉండాను. సంగటి కుండలో ఉండాది, పప్పు వేడి చేసుకో. రాగుల మూట మిద్దె మీద నుంచి దించి వంటింట్లో పెట్టినాను. మళ్లా దాని మీద ఎయిర్‌గన్ ఆనించినావంటే రేపట్నించి సంగటి నువ్వే కెలుక్కోవాల.

గురి కుదరాలని నెలంతా వీడియోలు చూసి తుపాకీ ఆనించేదానికి మూడు స్టాండ్లు తెప్పించినావు. ఒకటి ఎత్తంట, ఒకటి ఊగతాదంట, ఇంకోటి జారతాదంట. తప్పంతా వాటిదే, నీ చేతులు మాత్రం బంగారం! నీ పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, ఇసక పోసి సంచి కుట్టినాను. దాని మీద పెట్టి కాల్చు.

లోకేశ్వరి

అన్నట్టు, గురి అట్టకు నట్టనడుమ ఉండే మూడు బొక్కలు నావి. సంచి కదలకుండా ఉంటాదా లేదా అని చూసినాను. నువ్వు కొట్టినట్టు మీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టబాక.