ట్యాంకులో గంగాజలం

అన్నయ్యా,

ఇవాళ నీ సంవత్సరీకం. సరోజినీ నగర్ క్వార్టర్‌కి వచ్చిన పంతులుగారిని ఆటో ఎక్కించి నేను తిరిగొచ్చేసరికి, నాన్న హరిద్వార్ నుంచి తెచ్చిన గంగాజలం క్యాను మొత్తం నువ్వు ప్రాణమున్న పగడాలు పెంచిన సముద్రపు నీళ్ళ ట్యాంకులో గుమ్మరించేశాడు. నీళ్ళలో ఉప్పు ఒక్కసారిగా తగ్గిపోయి పగడాలన్నీ ముడుచుకుని జిగురు కక్కుతున్నాయి.

నాకు ఒళ్ళు తెలియలేదు. క్యాను లాక్కుని గోడకేసి బద్దలుకొట్టాను. "వాడిది మిగిలింది ఇదొక్కటే, దీన్నీ చంపేశావు కదా!" అని కాలర్ పట్టుకుని ఈడ్చి, చెంప పగలగొట్టాను. నాన్నని. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"ఉప్పు తగ్గితే గబుక్కున కలపకురా, ఆ దెబ్బకే చస్తాయి" అనేవాడివి. అందుకే చిక్కటి ఉప్పునీళ్ళు కలిపి, సన్నటి పైపులోంచి చుక్క చుక్కగా వదలబోయాను. పైపు ట్యాంకు అంచు మీద నిలవట్లేదు, జారిపోతోంది.

నాన్న వచ్చి పైపు పట్టుకున్నాడు. నెత్తురు కూడా తుడుచుకోలేదు.

"వాడు ఇందులోనే ఉన్నాడనిపించిందిరా" అన్నాడు. "ఏడాదిగా ఉప్పునీళ్ళలో ఉన్నాడు. దాహం వెయ్యదూ?"