పడుకోబెట్టి తీసే కొలత

అత్తయ్యగారికి,

మీ ఎండపిల్ల నమస్కారాలు. ఆ పేరు పెట్టింది మీరే కాబట్టి అదే రాసుకుంటున్నాను. మేం క్షేమంగా చేరాం. ఆ ముక్క ఫోన్లో చెప్పావుగా అంటారేమో. ఫోన్లో ఏం చెప్పినా మీరు దాన్ని స్పీకర్లో పెట్టి మిషను బల్ల మీద పడేస్తారు, కొట్టంతా వింటుంది. మన దగ్గర బొంతలు కుట్టే అమ్మాయిలకి నా కాపురం కబుర్లు ఊరికే వినిపించడం దేనికని ఉత్తరం రాస్తున్నాను.

ఊరు శుభ్రంగా ఉంది. వీధి చివర నిలబడితే సముద్రం కనిపిస్తుంది. మందుల కొట్టు మీద మేడ గది మాది. ఎదురుగా కళ్ళజోళ్ళ కొట్టు, దాని పక్కన చెవి మిషన్ల కొట్టు, ఆ పక్కన మోకాళ్ళకి పట్టీలు అమ్మే కొట్టు. నాలుగు అడుగులకో బెంచీ ఉంటుంది, ప్రతి బెంచీ మీదా ఎవరో ఒకరు ఆయాసం తీర్చుకుంటూ ఉంటారు. ఈ వీధిలో మా ఇద్దరికి తప్ప అందరికీ పెన్షనే. ఇల్లుగలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇంత చిన్న వయసులోనే రిటైరయ్యారా?" అని అడిగింది. లేదండీ, ఇప్పుడే మొదలుపెడుతున్నాం అన్నాను.

ఇద్దరికీ ఒకేచోట పని దొరికింది. సముద్రం ఒడ్డున పెద్దవాళ్ళు ఉండే పెద్ద భవనం ఒకటుంది. దాన్ని ఆశ్రమం అంటే వాళ్ళకి కోపం, హాస్టలనాలి. మీ అబ్బాయి వాళ్ళని బ్యాటరీ బండిలో ఎక్కించుకుని పొద్దున ఇసుక దాకా తీసుకెళ్తారు, ఎండెక్కేలోగా వెనక్కి తెస్తారు. నేను అక్కడే లాండ్రీలో దుప్పట్లు ఉతికి, మడతపెట్టి, గదులకి పంపిస్తాను. చూశారా, ఎక్కడికెళ్ళినా నాకు రాసిపెట్టింది జనాల పక్కబట్టలే.

అసలు సంగతికొస్తాను. రైలు కదిలేముందు మీరు మా నెత్తిన ఒక బొంత పెట్టారు. "ఎండ కోసం పోతున్నారుగా, ఎండేసుకోవడానికైనా ఏదో ఒకటి ఉండాలిగా" అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అంత బరువు బొంత మన కొట్లో ఎవరూ కుట్టగా నేను చూడలేదు. ఇక్కడ పైన పల్చటి దుప్పటి వేసుకున్నా ఉక్కపోసే మాకు అదెందుకు? బీరువా మీద పడేశాం.

హాస్టల్లో ఒక తాతగారున్నారు, బళ్ళో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఓ రోజు లాండ్రీ గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ గడ్డకట్టిస్తోంది. మీరిచ్చే దుప్పటి పరీక్ష కాగితమంత పల్చగా ఉంది. నేను నిద్రపోయినా నా కాళ్ళు మేలుకునే ఉంటున్నాయి" అన్నారు. అంతే, నాలో ఉన్న మన కొట్టు బుద్ధి లేచి కూర్చుంది. గుమ్మంలో ఉన్న మనిషిని కంటితోనే కొలిచేశాను. నిలువెత్తు మనిషి, మీరిచ్చిన బొంత అతికినట్టు సరిపోతుంది అనుకున్నాను. ఇంటికెళ్ళి తెచ్చి కప్పుకోమని ఇచ్చాను.

మర్నాడు ఆయన కాఫీకి రాలేదు. నర్సు కంగారుగా తలుపు తీసి చూస్తే బొంత అంచున తల ఒక్కటే కనిపిస్తోంది. బొంతని తోసేద్దామంటే చేతుల్లో బలం లేదు, పక్కకి దొర్లుదామంటే కాళ్ళు కదలవు. నన్ను చూడగానే, "బతికుండగానే సమాధి కట్టావు కదమ్మా!" అన్నారు. మేనేజరు అందరిముందూ నన్ను దులిపేశాడు, ఇంకోసారి బయటి సామాను గదుల్లోకి వస్తే పనిలోంచి పొమ్మన్నాడు. ఆ మాట విని హెడ్మాస్టరుగారే అడ్డొచ్చారు. "ఆ పిల్లని ఏమీ అనకండి. నేను మేలుకున్నాను గానీ నా కాళ్ళు మాత్రం హాయిగా గుర్రుపెట్టాయి. అమ్మాయ్, వేడి ఉంచి బరువు తీసెయ్యగలవా?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చారు మీరు. "నిలబడ్డ మనిషికి బొంతెందుకే? పడుకోబెట్టి కొలవవే" అని ఎంత మొత్తుకునేవారు! కొట్లో చాప పరిచి, సూటు వేసుకొచ్చిన బ్యాంకు మేనేజరుని కూడా బూట్లు విప్పించి పడుకోబెట్టారు కదా. కొత్తలో నేను ఆ వింత చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఈసారి హెడ్మాస్టరుగారిని పడుకోమని కొలిచాను. అంత మనిషీ మోకాళ్ళు గుండెలకి చేర్చుకుని, చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయారు. ఆయనకి కావలసింది నిలువులో సగం కూడా లేదు. మీ బొంత విప్పి చిన్నది చేస్తాను, ఏమీ అనుకోకండి.

మీ కోడలు

అత్తయ్యగారికి,

మీరు రాసిన నాలుగు ముక్కలూ అందాయి. "చలి మొదలవుతోంది. సీజను పని మీద పడుతుంది. మీ గది ఊడ్పించాను, నీ మిషనుకి నూనె వేయించాను. ఎండ సరదా తీరిందిగా, వాణ్ణి తీసుకుని రా." అంతేగా? ఇంత దూరంలో కూడా మీ గొంతు వినిపించింది.

మేం రావడం లేదు. ఈ సీజనుకే కాదు, ఏ సీజనుకీ రాము. కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం ఉంది, అది వేరే సంగతి, ముందు అది కక్కేస్తాను.

మీరిచ్చిన బొంత విప్పాను. లోపల దూది లేదు. చిటికెడు కూడా లేదు! మీ పాత దుప్పట్లు, పాత తెరలు, మామయ్యగారి పాత చొక్కాలు పొరలు పొరలుగా పేర్చి కుట్టారు. అందుకే అంత బరువు. ఊళ్ళో వాళ్ళందరికీ తెల్లటి కొత్త దూది పెట్టి కుట్టే కొట్టు మనది. సొంత కొడుకు ఇల్లు వదిలి వెళ్తుంటే పాతగుడ్డలు పెట్టి పంపించారా? నా మీద కోపం ఉంటే ఉండనీండి, మీ అబ్బాయి ఏం చేశారు? నేల మీద ఆ చొక్కాలన్నీ పరుచుకుని ఏడ్చాను. ఆయనకి చూపించలేదు.

ఏడ్చాక కత్తెర తీశాను. పడి ఏడుస్తూ కూర్చుంటే ఇక్కడెవరు పెడతారు చెప్పండి. ఆ పొరల్లోంచి మెత్తటివి ఏరి, మోకాళ్ళ దాకా వచ్చే చిన్న బొంత కుట్టాను, కాళ్ళ దగ్గర మందంగా, పైకి వచ్చేకొద్దీ పల్చగా. హెడ్మాస్టరుగారు దాన్ని ఒక్క చేత్తో తీసి విసిరి చూపించారు. ఆ మర్నాడు నా లాండ్రీ గుమ్మం ముందు చేతికర్రల వరస. ఒక మామ్మగారైతే, "నా కొలత ఎప్పుడు తీస్తావు, నేను పడుకునే ఉంటాను రా" అని కబురు పెట్టింది. మేనేజరు కూడా దారికొచ్చాడు, హాస్టల్లో పాతబడ్డ దుప్పట్లన్నీ నాకే ఇప్పిస్తున్నాడు. మధ్యాహ్నాలు కుడుతున్నాను. పాతగుడ్డల బొంతతో మమ్మల్ని చిన్నబుచ్చాలనుకున్నారేమో, ఇప్పుడు మా కాపురం దాని మీదే నిలబడింది.

కోపం అయిపోయింది. ఇక అసలు మాట. ఇది మీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఇప్పుడాయన బండి తోలుతున్నారు, నేను మడతపెట్టిన దుప్పట్ల మీద కాగితం పెట్టుకుని ఆ మాట తప్పుతున్నాను.

ఎండ కోసం, సముద్రం కోసం కొడుకుని ఎగరేసుకుపోయిన కోడలిని కదా నేను? అత్తయ్యా, నాకు ఎండ పడదు. గొడుగు లేకుండా వీధిలోకి వెళ్తే ఒళ్ళంతా దద్దుర్లు. సముద్రమంటే భయం, ఇప్పటిదాకా పాదం కూడా తడుపుకోలేదు. వెళ్ళిపోదామన్నది నేను కాదు. మీ అబ్బాయికి ఛాతీ పాడైంది. దూది ఏకే గదిలో ఆ నూగు పీల్చి పీల్చి పాడైంది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు, "దూదైనా వదలాలి, ఊపిరైనా వదలాలి, ఏదో ఒకటి తేల్చుకో" అని. చలిగాలి కూడా కూడదన్నాడు.

మీకు చెబుదామని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన వినలేదు. "నాన్న కూడా ఆ దగ్గుతోనే పోయాడు. ఇప్పుడు నా సంగతి తెలిస్తే నాన్నని కూడా తనే ఆ గదిలో పెట్టి చంపానని అనుకుంటుంది అమ్మ. తట్టుకోలేదు. నీకు ఎండ కావాలని చెబుదాం. నిన్ను తిడుతుంది, తిట్టి మర్చిపోతుంది" అన్నారు. నేను సరేనన్నాను. తిట్లే కదా, ఒంటికి అంటుకుంటాయా అనుకున్నాను. అంటుకున్నాయి అత్తయ్యా. వెళ్ళే రోజు కొట్టు గుమ్మంలో నలుగురి ముందూ, "తల్లినీ పిల్లాణ్ణీ విడదీసే దానికి ఎండ కాదు, నిప్పు కావాలి" అన్నారు. ఆ మాట ఇంకా మంటగానే ఉంది.

ఇక్కడ ఆయన మెట్లు ఎక్కి పైకి వచ్చాక కూడా మాట్లాడగలుగుతున్నారు. మొన్న బండిలో పాట పాడారని మామ్మలు ఫిర్యాదు చేశారు, అంత చెండాలంగా పాడారట. పాడనీండి. ఆయన పాట విని ఎన్నాళ్ళయిందో. ఆయన్ని మళ్ళీ ఆ గదికి పంపను. మీరు ఎన్ని గదులు ఊడ్పించినా, నన్ను ఇంకెన్ని మాటలన్నా ఇది మారదు. నిజం విని మీరు బాధపడతారని తెలుసు. కానీ మీరు పిలిచిన ప్రతిసారీ ఆయన మొహం చూస్తున్నాను. ఇంకోసారి పిలిస్తే బయలుదేరేలా ఉన్నారు. అందుకని రాశాను. నన్ను క్షమించినా సరే, క్షమించకపోయినా సరే.

మీ కోడలు

ఎండపిల్లా,

నీ ఉత్తరం చదివాను. ఫోను స్పీకర్లో పెట్టినట్టు దీన్ని కొట్లో వినిపించలేదులే, కంగారుపడకు. నాకు నీలా పొడుగ్గా రాయడం రాదు. కూర్చోబెట్టి చెబుతున్నానని అనుకుని చదువు.

మీరు వెళ్తామని చెప్పకముందు మాట. ఒక మధ్యాహ్నం మా పెద్దాడు, అదే మీ ఆయన, కొట్లో చాప మీద కునుకు తీస్తున్నాడు. చలికాలానికి వాడికి కొత్త బొంత కుడదామని టేపు తీసుకుని కొలతకి కూర్చున్నాను. ఛాతీ మీద చెయ్యి ఆనించగానే లోపల ఈల వినబడింది. ఆ ఈల నాకు కొత్తదా ఏమిటి? మీ మామయ్య పక్కన పడుకుని ఏళ్ళ తరబడి విన్నదేగా. నిలబడ్డవాడు దగ్గు దాచుకోగలడు. పడుకున్నవాడు ఏదీ దాచలేడు. టేపు చుట్టేసి అవతలికి వెళ్ళిపోయాను.

వాడొచ్చి ఏం చెబుతాడా అని ఎదురుచూశాను. వచ్చాడు. నీకు ఎండ కావాలిట, సముద్రం కావాలిట. చిన్నప్పటినుంచీ అబద్ధమాడితే వాడు చెవి తమ్మె లాక్కుంటాడు. ఆ రోజు చెవి ఊడొస్తుందేమో అనుకున్నాను. నువ్వు పక్కన తలొంచుకుని నిలబడ్డావు. ఈ పిల్ల నా కొడుకు ప్రాణం కోసం నింద నెత్తినేసుకుంటోందని నాకు అర్థమైంది. అప్పుడు నిన్ను దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది. కానీ నేను ఏడ్చానంటే వాడు కదలడు. మీ మామయ్య కూడా ఒకసారి అడిగారు, ఈ పని మానేసి ఎటైనా పోదామా అని. ఈ సీజను కానివ్వండి చూద్దాం అన్నాను. ఆయన ఆ సీజను దాటలేదు. నాకు తెలియకూడదని మీరు దాచారు చూడు, అది నాకు అప్పటినుంచీ తెలుసు.

అందుకని తిట్టాను. నేను నిన్ను తిట్టినకొద్దీ వాడు నీ పక్క చేరతాడు, పెట్టె సర్దుతాడు. మంచిగా సాగనంపితే స్టేషను నుంచి వెనక్కొచ్చేసేవాడు. రమ్మని పిలిచిందీ అందుకే. పిలవడం మానేస్తే అమ్మకి తెలిసిపోయిందని పరిగెత్తుకొస్తాడనుకున్నాను. ఆ పిలుపుకే బయలుదేరేలా ఉంటాడని అనుకోలేదు, అక్కడ నా లెక్క తప్పింది. నిప్పు అన్న మాట మాత్రం ఎక్కువైంది. నోరు జారింది. అది నాది తప్పే, దానికి ఏ సాకూ లేదు.

బొంత విప్పి ఏడ్చానన్నావు. బొంతలు కుట్టే దానివి, బరువు చూసి రైల్లోనే కనిపెడతావనుకున్నాను. దూది పెట్టి పంపిస్తే వాడు దూరదేశంలో కూడా ఆ నూగే పీలుస్తాడు కదే మొద్దూ. అందుకే ఎన్నోసార్లు ఉతికి నూగు పోయిన బట్ట ఏరాను. మీ మామయ్య చొక్కాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆయన ఎలాగూ వెళ్ళలేకపోయారు, కొడుకుతోపాటైనా ఆ ఎండకి వెళ్తారని పెట్టి కుట్టాను. ఇప్పుడవి హెడ్మాస్టరుగారి కాళ్ళకి వెచ్చగా ఉన్నాయంటే నాకు సంతోషమే.

ఏకే మిషను తీయించేశాను. ఇక నీ మరిది చిన్నాడు గానీ, కుట్టే అమ్మాయిలు గానీ ఆ గదిలోకి పోనక్కర్లేదు. ఇక మన కొట్లో కూడా బట్ట బొంతలే. నీ కాళ్ళ బొంత ఎలా కత్తిరించావో గీసి పంపు, ఇక్కడా ముసలివాళ్ళున్నారు, నాతో కలిపి. మీ గదిలో ఇద్దరు కుట్టే అమ్మాయిలని దింపాను. ఇక మీరు వెనక్కి రావడానికి ఈ ఇంట్లో చోటు లేదు.

ఈ ఉత్తరం వాడికి చూపించు. చదువుతూ చెవి లాక్కుంటాడేమో చూడు. చదివాక, వాడు నిద్రపోయినప్పుడు పక్కన కూర్చుని ఒకసారి కొలత తీయి. ఛాతీ మీద చెయ్యి ఆనించి, ఏం వినబడిందో నాకు రాయి. పొడవూ వెడల్పూ నాకక్కర్లేదు.

మీ అమ్మ